ఊరి పేర్ల పిల్లలు

మా కాలేజీలో పిల్లల్ని ఎవరూ సొంత పేరుతో పిలవరు. ఒక చేత్తో ట్రంకు పెట్టె, ఇంకో చేత్తో బకెట్టు పట్టుకుని హాస్టల్ గేటు దగ్గర దిగగానే సీనియర్లు అడిగే మొదటి సవాల్ "ఏ ఊరు?" అంతే. ఇక ఆ ఊరే వాడి నామ్, నిషాన్. గుడివాడ, చల్లపల్లి, ఏటిమొగ, బందరు. హాజరీ రిజిస్టర్లో అమ్మానాన్నలు ముద్దుగా పెట్టుకున్న పేర్లుంటాయి. కానీ ఏడాది పొడుగునా నా నోట పలికినవి ఈ ఊళ్ళే కాబట్టి ఇక్కడా అవే రాస్తాను.

విశాఖ పక్కన మర్చంట్ నేవీకి పిల్లల్ని తయారుచేసే కాలేజీ ఇది. నేను చెప్పేది ఇంగ్లీషు. షేక్స్‌పియర్ కాదు, ఓడ మీద మాట్లాడుకునే ఇంగ్లీషు. 2001లో ఐఎంఓ వాళ్ళు ఖరారు చేసిన వాక్యాల కితాబు ఒకటుంది. ఫిలిప్పీన్స్ కెప్టెన్, ఉక్రెయిన్ ఇంజనీరు, మన కృష్ణా జిల్లా కుర్రాడు ఒకే ఓడ మీద ఉంటారు. ఒకరి మాట ఒకరికి మొదటిసారికే అర్థం కావాలి. పొగమంచులో ఎదురుగా ఇంకో ఓడ వస్తుంటే "ఏమన్నావ్?" అని మళ్ళీ అడిగే ఫుర్సత్ ఉండదు.

ఈసారి పాసింగ్ అవుట్ అయిన బ్యాచ్‌లో మా డెల్టా పిల్లలు నలుగురు. నేను బందరుదాన్ని. అందుకని ఈ నలుగురి మీద కాస్త ఎక్కువ మొహబ్బత్. ఉస్తాద్‌కి షాగిర్దులందరూ బరాబర్ అంటారు. అనేవాళ్ళు అననీ. సెలవులకి మేమంతా ఒకే రైలు, బందరు–విశాఖ ఎక్స్‌ప్రెస్. రాత్రి రైల్లో పక్క బెర్తులో పడుకుని, తెల్లారి గుడివాడ స్టేషన్లో టీ తాగిన పిల్లలు పరాయి పిల్లలెలా అవుతారు?

గుడివాడ సంగతి ముందు చెప్పాలి. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, మెరైన్ ఇంజనీరింగ్ ఏడాది కోర్సుకి వచ్చాడు. వాళ్ళ నాన్నది చెరువుల మీద తిరిగే ఏరియేటర్లు, డీజిల్ ఇంజన్లు బాగుచేసే షెడ్డు. కైకలూరు వైపు రొయ్యల చెరువుల్లో రాత్రి రెండింటికి ఇంజన్ ఆగిపోతే తెల్లారేసరికి ఊపిరాడక సరుకంతా తేలిపోతుంది. అందుకని చిన్నప్పటి నుంచీ అర్ధరాత్రి నాన్న బండెనక కూర్చుని వెళ్ళడమే వాడి అసలు తాలీమ్. స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వింటాడు. "మేడమ్, బేరింగ్ ఏడుస్తాంది" అంటాడు. "అలా కాదు నాన్నా, బేరింగ్ నుంచి అసాధారణమైన శబ్దం వస్తోందని రిపోర్ట్ చేయాలి, ఇంగ్లీషులో" అని నేను. చెప్పిందల్లా చెబుతాడు. మళ్ళీ మర్నాడు, "మేడమ్, పంపు మూలుగుతాంది."

వాడికి కంపెనీ దొరికింది. చీఫ్ ఇంజనీరుగా పనిచేసి రిటైరైన ఒకాయన మా వర్క్‌షాప్ చూడ్డానికి వచ్చి, వీడు కళ్ళు మూసుకుని వినడం చూసి ఏమీ మాట్లాడకుండా తన కార్డు ఇచ్చి వెళ్ళాడు. నసీబ్ అంటే అదీ. కానీ నసీబ్ ఒక్కటే కాదు, అర్ధరాత్రి నిద్ర పాడుచేసుకున్న మెహనత్ కూడా.

చల్లపల్లి అమ్మాయి. బ్యాచ్ మొత్తానికి ఇద్దరే అమ్మాయిలు, అందులో ఈమె ఒకతి. అమ్మ సాఫ్ట్‌వేర్ అంది, నాన్న బ్యాంక్ అన్నాడు, ఈమె సెక్స్‌టెంట్ అంది. తుమ్మితే ఊగే చేతులు కావు ఆమెవి. సూర్యుణ్ణి దించి క్షితిజం మీద కూర్చోబెట్టడం మగపిల్లలకి పది నిమిషాలు పడితే ఈమెకి రెండు నిమిషాలు. అమ్మాయి కదా అని ఎవరైనా జాలిగా మాట్లాడితే నవ్వుతుంది. ఆ నవ్వు చూసి వాళ్ళే మాట మార్చేస్తారు. ఆమె గురించి నాకు ఫికర్ లేదు కాబట్టి ఎక్కువ రాయను.

ఏటిమొగ వేరు. నాగాయలంక దాటాక, రోడ్డు అయిపోయి పడవలు మొదలయ్యే చోట ఉంటుంది ఆ ఊరు. ఈదటం వీడికి ఎవరూ నేర్పలేదు, నడక ఎవరు నేర్పుతారు? ఓసారి చార్టు క్లాసులో బంగాళాఖాతం చార్టు పరిచారు. పిల్లలంతా సింగపూర్ ఎటు, కొలంబో ఎటు అని వెతుకుతుంటే వీడు ఒక్కచోట వేలు పెట్టి అలాగే నిలబడిపోయాడట. అక్కడ దివి పాయింట్ అని రాసుంది. దానికి నైరుతిగా ఫాల్స్ దివి పాయింట్. ఏ కాలంలోనో ఏ నావికుడో ఒకదాన్ని చూసి ఇంకొకటనుకుని ఉంటాడు. "మా ఊళ్ళు చార్టులో లేవు మేడమ్, మా మొన మాత్రం ఉంది" అని నాతో చెప్పాడు. ఖుషీగా చెప్పాడో బాధగా చెప్పాడో నాకు తెలియలేదు.

పాసింగ్ అవుట్ రోజున వాడి నాయనమ్మ వచ్చింది. ఆమె పుట్టిల్లు సొర్లగొంది. దివిసీమవాళ్ళకి ఆ పేరు చెబితే చాలు. 1977 నవంబరు 19, శనివారం. సముద్రం లేచి ఊళ్ళ మీద నడిచిన రోజు. లెక్కకొచ్చినవాళ్ళే 10,000 మందికి పైన. ఆమె ఇద్దరు బిడ్డలు లెక్కకి రాలేదు, ఎందుకంటే దొరకలేదు. తర్వాత పుట్టినవాడే వీడి నాన్న. మనవడు తెల్ల యూనిఫారంలో, భుజాల మీద పట్టీలతో కవాతు చేస్తుంటే అందరూ ఫోన్లలో వీడియోలు తీశారు. ఆమె మాత్రం షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో తల వంచుకుని కూర్చుంది.

మా కెప్టెన్ సాబ్ ఉత్తరాది మనిషి. తెలుగు రాదు. పేరెంట్స్‌తో మాట్లాడాల్సి వస్తే నన్ను పిలుస్తారు. మా ఇంట్లో మాట్లాడే ఉర్దూ ఆయన హిందీకి దగ్గర, నా తెలుగు వీళ్ళకి దగ్గర. నా ఉద్యోగంలో సగం ఇదే. ఆ రోజు తండ్రులంతా ఒకటే అడిగారు, ఎర్ర సముద్రం సంగతి ఏంటని. న్యాయమే. 2023లో గెలాక్సీ లీడర్ అనే ఓడని అక్కడ సాయుధులు హెలికాప్టర్‌లో దిగి పట్టుకుపోయారు. ఆ తారీఖు కూడా నవంబరు 19 అని నేను పైకి అనలేదు. 2024 మార్చిలో ఇంకో ఓడ మీద క్షిపణి పడి ముగ్గురు నావికులు పోయారు. చాలా కంపెనీలు ఆఫ్రికా చుట్టూ తిప్పుతున్నాయని కెప్టెన్ సాబ్ చెప్పారు, నేను తెలుగు చేశాను. తండ్రులకి కొంత తసల్లీ.

అప్పుడు ఆమె లేచింది. "ఓడ మునిగితే మీరు కబురు చేస్తారా బాబూ, మేమే ఎతుక్కోవాలా?"

నేను ఉర్దూలోకి మార్చాను. ఆయన కాసేపు ఊరుకుని, "అమ్మాజీ కో ఇధర్ లాయియే" అని శిక్షణ గదిలోకి తీసుకెళ్ళారు. గోడకి తగిలించిన పసుపు రంగు డబ్బా చూపించారు. ఈపర్బ్ అంటారు దాన్ని. ఓడ మునిగితే నాలుగు మీటర్ల లోతు చేరేలోపే నీటి ఒత్తిడికి దాని కట్టు దానంతటదే తెగుతుంది. పైకి తేలి 406 మెగాహెర్ట్జ్ మీద శాటిలైట్‌కి కేక పెడుతుంది. మన వైపు ఆ కేక బెంగళూరులో ఇస్రో వాళ్ళ కేంద్రానికి చేరుతుంది, అక్కడి నుంచి కోస్ట్ గార్డ్‌కి. నేను చేతనైనంత తేలిక మాటల్లో చెప్పాను. ఆమె డబ్బాని తడిమి చూసింది.

"ఇది ఓడకి. మనిషికి కట్టేది లేదా?"

ఉంది, చిన్నది ఉంది, కానీ ప్రతి ఓడలో ప్రతివాడికీ ఇవ్వరు అని ఆయన నిజమే చెప్పారు. అబద్ధం చెబితే బావుండునేమో అని ఒక్క క్షణం అనిపించింది నాకు.

ఆమె కొంగు ముడి విప్పుకుంటూ అడిగింది, "ఎంతవుద్ది?"

దాన్ని తర్జుమా చేయడానికి నాకు గొంతు రాలేదు. అక్కర్లేకపోయింది. కెప్టెన్ సాబ్‌కి ఆ ముడి అర్థమైంది.

ఇక బందరు. మా వాడు. వాళ్ళ అబ్బా రోల్డ్ గోల్డ్ కారీగర్, రోజంతా గాజులకి పూత పెడతాడు. వీడు వాగుడుకాయ. సెలవుల నుంచి వచ్చేటప్పుడు బందరు లడ్డూ తెచ్చి, స్టాఫ్ రూంలో పంచి, ఒక చిన్న లెక్చర్ ఇస్తాడు. బందర్ అంటేనే ఫార్సీలో రేవు, మనది రేవు అనే పేరున్న రేవు అంటాడు. గోల్కొండ సుల్తానుల జహాజులు ఇక్కణ్ణించే మోఖాకీ, బందర్ అబ్బాస్‌కీ, ఆచేకీ వెళ్ళేవనీ, హజ్ యాత్రికులు ఎక్కిందీ ఇక్కడేననీ, 1611లో ఇంగ్లీషువాళ్ళు దిగిందీ ఇక్కడేననీ. ఇవన్నీ నేను చెప్పినవే, తిరిగి నాకే చెబుతాడు. సరంగు, కలాసీ, లంగరు, తుఫాను, ఆఖరికి ఇంగ్లీషువాడి మాన్సూన్ కూడా మన మౌసమ్ నుంచే కదా మేడమ్ అంటాడు. 1864 తుఫానులో 30,000 మంది పోయి, మొగ పూడి, రేవు పేరుకే మిగిలిందన్న సంగతి దగ్గర మాత్రం గొంతు తగ్గిస్తాడు. ఇప్పుడు కొత్త పోర్టు కడుతున్నారుగా, దానికి మొదట వచ్చే ఓడల్లో ఒకదాని మీద తానుండాలని వాడి తమన్నా.

వీడికే ఓడ దొరకలేదు.

మార్కులున్నాయి. స్పాన్సర్‌షిప్ లేదు. ఆ గ్యాప్ చూసి ఒక ఏజెంట్ వచ్చాడు. ఆరు లక్షలిస్తే రెండు నెలల్లో జాయినింగ్ అన్నాడు. వాళ్ళ అబ్బా ఇల్లు తాకట్టు పెట్టడానికి కాగితాలు కూడా తీశాడు. నేనూ బందరూ కూర్చుని డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్లో లైసెన్సున్న సంస్థల జాబితా అంతా చూశాం. ఆ పేరు లేదు. ఉన్నా సరే, ఉద్యోగం ఇప్పిస్తామని నావికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదని చట్టమే ఉంది. ఈ సంగతి తెలియక డెల్టాలో ఎన్ని ఇళ్ళు పోయాయో. ఓడెక్కుదామని వెళ్ళి పరాయి రేవుల్లో జీతం లేకుండా ఇరుక్కున్న పిల్లల ఫోన్లు నాకూ వచ్చాయి.

వాడు నా ముందే ఇంటికి ఫోన్ చేశాడు. "ఇల్లు ఉండనీ అబ్బా. నేను ఆగుతా."

అవతల చాలాసేపు చప్పుడు లేదు. బందరు కుర్రాడు మాట్లాడకుండా అంతసేపు ఉండడం నేను అదే చూశాను.

ఆఖరి రోజు మిగతా ముగ్గురి ట్రంకులూ ఆటో దాకా మోసింది వాడే. గుడివాడ ఓడెక్కి నెల దాటింది, ఇంజన్ రూం చప్పుడు రికార్డు చేసి పంపాడు, "వినండి మేడమ్, ఏం ఏడుపు లేదు" అని. ఏటిమొగకి డిసెంబరులో జాయినింగ్, నవంబరు వెళ్ళాకే అని వాడే అడిగి తీసుకున్నాడు. బందరు ఇప్పుడు ఇంట్లో ఉండి పగలు అబ్బాతో గాజులకి పూత పెడుతూ, రాత్రి నాకు ఫోన్ చేసి ఇంటర్వ్యూ ఇంగ్లీషు సాధన చేస్తున్నాడు. వచ్చే గురువారం చెన్నైలో ఒక కంపెనీ పిలిచింది. డబ్బు అడగని కంపెనీ, జాబితాలో ఉన్న పేరు. నేను రెండుసార్లు చూశాను.