యాద్ జేసుడు

జపాన్ భాషలో ఒబోఎరు అనే క్రియ ఉంది. నేర్చుకోవడమూ అదే, గుర్తుంచుకోవడమూ అదే. వేరే ఊళ్లవాళ్ళు ఇది విని వింతపడితే పడనీ, మెదక్‌లో మాత్రం అంత వింత కాదు. నిజాం రాజ్యంలో బడి ఉర్దూలో నడిచింది. "సబఖ్ యాద్ కియా?" అని సారు అడిగితే, పాఠం నేర్చుకున్నావా, అది గుర్తుందా అని రెండూ ఒక్కసారే అడిగినట్టు. తర్వాత మీడియం మారింది గానీ యాద్ మన తెలుగులోకి దిగి ఇక్కడే ఉండిపోయింది. "ఎక్కాలు యాద్ జేసినవా?" అని ఇప్పటికీ తాతలు అడుగుతారు. చేశానంటే ఊరుకోరు. అప్పజెప్పమంటారు.

మా వాడకట్టులో నర్సింగ్ చదివిన ఒక అమ్మాయి ఉంది. జపాన్ పోవాలని పట్టుబట్టింది. 2021 జనవరిలో మన దేశానికీ జపాన్‌కూ నైపుణ్య కార్మికుల ఒప్పందం కుదిరింది, అందులో వృద్ధుల సంరక్షణ పని కూడా ఉంది. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జపాన్ భాష నేర్పించి పంపిస్తోంది. భాషలో ఎన్4 స్థాయి దాటాలి. నాకు వేరే పని లేదు గనుక సాయంత్రాలు ఆ పిల్ల అప్పజెబుతుంటే పుస్తకం పట్టుకుని కూర్చుంటాను.

"సార్, ఒబోఎరుకు యాద్ జేసుడు అని రాసుకుంటే సరిపోతదా?"

"సరిపోతది బిడ్డా, కానీ పక్కన ఇంకో రెండు రాసుకో."

ఎందుకంటే వాళ్ళకు నరఅవు అని వేరే మాట ఉంది. గురువు దగ్గర కూర్చుని నేర్చుకోవడం అది. మరిచిపోయినది మళ్ళీ తట్టడానికి ఒమోయిదసు ఉంది. ఒబోఎరు ఈ రెండింటి నడుమ ఉంటుంది: వచ్చినదాన్ని పోకుండా పట్టుకోవడం. "నరత్త కెదొ, ఒబోఎతె ఇనై" అంటారు. పాఠమైతే చెప్పించుకున్నా గానీ యాదికి లేదు అని. ఆ వాక్యం నేర్పగానే అమ్మాయి నవ్వింది, నర్సింగ్ మూడో సంవత్సరం మొత్తం ఆ వాక్యంలోనే ఉందట.

నాకు యాదికుంది అనాలంటే "ఒబోఎతె ఇమాసు" అంటారు. విడదీస్తే 'నేర్చి ఉన్నాను'. మనం 'తలుపు తెరిచి ఉంది' అంటామే, ఆ కట్టే. క్రియ చివర రావడం, విభక్తి పేరు వెనక తగలడం కూడా మనలాగే కాబట్టి తెలుగు పిల్లలకు ఆ భాష వాక్యం తొందరగానే లొంగుతుంది. లిపి అలా లొంగదు. ఒబోఎరు రాసే కాంజీ అక్షరానికి పన్నెండు గీతలు. పైన మూడు చిన్న గీతలు, కింద ఒక కప్పు, ఆ కప్పు కింద 'చూడు' అనే అక్షరం పూర్తిగా. ఇదే అక్షరం ఇంకోచోట సమేరు అని పలికి, నిద్ర మేలుకోవడం అవుతుంది. అమ్మాయి దాన్ని చతురస్రాల నోటుబుక్కులో వరుసగా దించుతుంటే, కప్పు దగ్గరికి రాగానే ప్రతిసారీ పెన్ను ఒక్క క్షణం ఆగుతుంది.

అసలు ఎన్4 పరీక్షలో రాయడమే లేదు. మాట్లాడటమూ లేదు. నాలుగింట్లో ఒకటి గుర్తుపట్టి చుక్క నింపితే చాలు. అయినా రాస్తోంది, మంచిదే. పరీక్ష దాటాక అక్కడ చేయాల్సింది "షిగోతొ ఒ ఒబోఎరు", పని ఒంటపట్టించుకోవడం. లేవలేని పెద్దమనిషిని మంచం మీది నుంచి చక్రాల కుర్చీలోకి మార్చేటప్పుడు నాలుగు ఆప్షన్లు ఎవరూ ఇవ్వరు.

బట్టీ అంటే ఈమధ్య అందరికీ చులకన. అర్థమైతే చాలంటారు. పొద్దున అర్థమై పొద్దుగూకేసరికి పోయిన పాఠంతో ఏం చేసుకోవాలో మాత్రం చెప్పరు. జపాన్‌లో రెండో తరగతి పిల్లలు ఇప్పటికీ తొమ్మిది తొమ్ముల దాకా ఎక్కాలు రాగం తీసి వల్లిస్తారు. కుకు అంటారు వాటిని. అన్నన్ని రైళ్ళు నడిపే దేశానికి అది నామోషీ కాలేదు. నా లెక్కలో బట్టీలో తప్పు పట్టుకోవడంలో లేదు, పరీక్ష హాలు గడప దాటగానే విడిచిపెట్టడంలో ఉంది.

కొట్లాటలో కూడా ఒబోఎరు పనికొస్తుందని జపాన్ కార్టూన్ సినిమాలు చూసే పిల్లలకు ముందే తెలుసు. ఓడిపోయి పారిపోయే దుర్మార్గుడు వెనక్కి తిరిగి "ఒబోఎతెరో!" అని అరుస్తాడు. రాందాస్ చౌరస్తాలో బండి బండికి తగిలినప్పుడు "యాదివెట్టుకో బిడ్డా, నీ సంగతి జూస్తా" అని మనోళ్ళు అనేది అచ్చం అదే. ఈ ఒక్కదానికి అమ్మాయికి పుస్తకం అక్కర్లేకపోయింది.

కానీ ఒకచోట మన యాద్ వాళ్ళ వెంట పోలేదు. పుస్తక భాషలో ఒబోఎరుకు ఒంటికి తెలియడం అని కూడా అర్థం ఉంది. నొప్పిని ఒబోఎరు, అలసటను ఒబోఎరు, చలిని ఒబోఎరు. చలిని అనగానే అమ్మాయి నోటుబుక్కు మూసింది.

"చలిని గూడ యాద్ జేస్తరా సార్ వాళ్ళు?"

"చేస్తరు. మరి మన మెదక్ చలి నీకు అలవాటేనాయె."

"హొక్కైదోల నౌకరి ఇస్తే మాత్రం సార్, ఆ పాఠం నేను అప్పజెప్ప."