ముందు శాంపిల్, తర్వాతే మాత్ర

గుంటూరు జిల్లాలోని ఓ బోధనాసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబ్‌కు నేను వెళ్లేసరికి, ఇంక్యుబేటర్‌లోంచి తీసిన ప్లేట్లను బల్ల మీద వరసగా పేరుస్తున్నారు. లేత పసుపు అగార్ జెల్లీ నిండా బ్యాక్టీరియా పొరలా పరుచుకుంది. మధ్యమధ్య యాంటీబయాటిక్ అద్దిన చిన్న కాగితపు బిళ్లలు. మందు పనిచేసిన చోట బిళ్ల చుట్టూ ఖాళీ వలయం.

టెక్నీషియన్ ఆ వలయాల్ని స్కేలుతో కొలుస్తున్నాడు. అవే ప్లేట్లను ఓ పీజీ విద్యార్థిని ఫోన్‌తో ఫొటో తీస్తోంది. యాప్ కొలతకూ, మనిషి కొలతకూ తేడా ఎంతో తేల్చడం ఆమె థీసిస్. ఈ తరహా యాప్‌లలో పేరున్నది యాంటీబయోగో. మైక్రోబయాలజిస్టులు దొరకని ప్రాంతాల కోసం ‘డాక్టర్స్ వితౌట్ బార్డర్స్’ ఫౌండేషన్ దాన్ని రూపొందించింది.

“ఈ.కోలైకి సిప్రోఫ్లాక్సాసిన్ వలయం 26 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే మందు పనిచేస్తుందని రాస్తాం. 21, అంతకు తక్కువైతే పనిచేయదని. కొలవడం తేలికే సార్, ఆకారం చూడటమే అసలు పని” అంటూ ప్రొఫెసర్ మేడమ్ ఒక స్టాఫిలోకాకస్ ప్లేటు చూపించారు. క్లిండమైసిన్ వలయం పెద్దదిగానే ఉంది. కానీ ఎరిత్రోమైసిన్ బిళ్ల వైపు మాత్రం చదునై, ఇంగ్లిషు ‘డి’లా కనిపిస్తోంది. క్లిండమైసిన్‌ను తట్టుకునే శక్తి బ్యాక్టీరియాలో దాగి ఉందన్నమాట. కొలతొక్కటే చూస్తే తప్పుడు రిపోర్టు వెళ్తుంది. ఇలాంటి ఆకారాల్ని గుర్తుపట్టడమూ యంత్రానికి నేర్పుతున్నారు.

రిపోర్టుకు ఎలాగూ రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోగా డాక్టరు అంచనా మీదే మందు రాయాలి. ఆ అంచనాకు సాయంగా ఇజ్రాయెల్ పరిశోధకులు 2019లో ఏడు లక్షలకు పైగా మూత్ర కల్చర్ల (శాంపిల్‌లోని బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షల) ఫలితాలను, రోగుల వయసు, పాత మందుల వివరాలతో కలిపి యంత్రానికి నేర్పారు. దాని సలహా పాటించి ఉంటే పనిచేయని మందు రాయడం బాగా తగ్గేదని లెక్కతేల్చారు.

“మన దగ్గర కుదురుతుందా మేడమ్?” అన్నాను.

“నేర్పడానికి సరైన లెక్కలుండాలిగా! మెడికల్ షాపు మాత్రలు, ఆర్‌ఎంపీ ఇంజెక్షన్లు అన్నీ అయ్యాకే మా దగ్గరికి శాంపిల్ వస్తుంది. చాలాసార్లు ఏమీ పెరగదు. పెరిగితే మొండివే. వాటితోనే నేర్పితే, జిల్లా అంతా మొండి బ్యాక్టీరియానే అనుకుని అందరికీ పెద్ద మందే చెబుతుంది.”

కాబట్టి యంత్రం తెలివి సగం మన చేతుల్లోనే ఉంది. డాక్టరు కల్చర్ రాస్తే, ప్రాణాపాయం లేనప్పుడు, మొదటి మోతాదు వేసుకోకముందే శాంపిల్ ఇవ్వండి. రిపోర్టు వచ్చాక మళ్లీ వెళ్లి, మందు మార్చాలా అని అడగండి.