కిటికీ ఎండ చాలదు

సైనిక్‌పురిలోని ఆ ఇంట్లో తెల్లారగానే మునగాకు దూస్తారు. కూరకు కాదు, హాల్లో ఓ మూలనున్న ఆకుపచ్చ ఇగ్వానాకు. “దీని గిన్నె నిండితేగానీ మా పొయ్యి వెలగదు” అన్నారు ఇంటి పెద్దావిడ, మందారాకులు తుంచుతూ. దాన్ని తెచ్చింది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఆమె కొడుకు. ఏడాది కూడా నిండని పిల్ల. తోకతో కలిపి మూరెడు దాటింది.

బోను నిలువుగా ఉంది. మెక్సికో నుంచి బ్రెజిల్ దాకా ఏటి ఒడ్డు చెట్లమీద బతికే జాతి ఇది. నేలమీద ఎంత చోటిచ్చినా దానికి ఎక్కడానికి ఎత్తు కావాలి. లోపల ఏటవాలుగా జామకొమ్మ. కొమ్మ పైచివర, బల్బు కింద 32 నుంచి 35 డిగ్రీలు. కింద, అవతలి మూల 26. వేడెక్కాలంటే పైకి, చల్లబడాలంటే కిందికి అదే నడుస్తుంది. అడుగున పాత దినపత్రిక పరిచారు. ఇసుక పోస్తే తిండితోపాటు మింగి పేగు పూడుకుపోయే ప్రమాదముంది.

బల్బు పక్కనే ఓ సన్నటి ట్యూబు. ఎండలోని యూవీ-బి కిరణాలు దాన్నుంచి రావాలి. హైదరాబాదులో ఎండకు కొదవా అనిపిస్తుంది కానీ, కిటికీ అద్దం ఆ కిరణాల్ని దాదాపుగా ఆపేస్తుంది. అవి తగలకపోతే ఒంట్లో విటమిన్ డి3 తయారవదు. అది లేనిదే తిన్న కాల్షియం ఒంటబట్టదు. దవడ మెత్తబడుతుంది, కాళ్లు వాస్తాయి. ట్యూబు వెలుగుతున్నా కిరణాల బలం తగ్గిపోతుంటుంది కాబట్టి, మార్చాల్సిన తేదీని కుర్రాడు బోను తలుపుమీదే రాసి పెట్టాడు.

రాత్రిళ్లు వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇచ్చే సిరామిక్ హీటరు పెడతాడు. చలికి ఈ జంతువు ఎంత లొంగిపోతుందో ఫ్లోరిడా చూసింది: అక్కడ ఊళ్లమీద పడి పెరిగిన ఇగ్వానాలు 2018, 2020 జనవరుల్లో కొయ్యబారి చెట్లమీంచి రాలిపడ్డాయి.

గిన్నెలో మునగాకు, మందారాకులు, తురిమిన గుమ్మడి, చిటికెడు కాల్షియం పొడి. ఎప్పుడైనా బొప్పాయి ముక్క. పాలకూర, తోటకూర అరుదుగానే, వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయని. పురుగులు, గుడ్డు అసలే పెట్టరు. పుట్టుకతోనే శాకాహారి, మాంసకృత్తులు మితిమీరితే మూత్రపిండాలు చెడతాయి. తిన్న ఆకు పేగులోని సూక్ష్మజీవులవల్ల పులిసి అరగాలంటే ఒంటికి వేడి ఉండాలి. అందుకే గిన్నె ఖాళీ కాగానే అది కొమ్మెక్కి బల్బు కింద సాగిలపడింది. దాన్ని ముట్టుకున్నవాళ్లు సబ్బుతో చేతులు కడగాల్సిందే. చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్నా అది సాల్మొనెల్లా బ్యాక్టీరియాను మోస్తుండొచ్చు.

“ఉడుమును పెంచుతున్నరు, ఫారెస్టోళ్లకు చెప్తా” అని వాచ్‌మన్ ఒకసారి బెదిరించాడట. ఉడుము మాంసాహారి, పైగా వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. ఇంట్లో పెంచడం నేరం. ఇగ్వానా విదేశీ జీవి. 2022లో సవరించిన చట్టం, 2024 నిబంధనల ప్రకారం దాన్ని పరివేష్ పోర్టల్లో నమోదు చేయించాలి. ఆ కాగితం కుర్రాడి ఫోన్లో సిద్ధంగా ఉంది.

మేం బయల్దేరే వేళకు వడ్రంగి వచ్చి బాల్కనీ కొలుస్తున్నాడు. పెద్దదైతే తోకతో కలిపి ఐదడుగులు దాటే జంతువు మరి. బాగా చూసుకుంటే పదిహేనేళ్లకు పైగా బతుకుతుందని కొడుకు చెబుతుంటే, పెద్దావిడ మునగాకు దూసిన కాడలు ఊడుస్తూ అన్నారు: “సంబంధాలు చూసేటప్పుడు పిల్లవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పాల.”