గైడ్ సంతకం

పీహెచ్‌డీలో అరిచే గైడ్‌లు వేరే ఉండేవారు. వాళ్ల అరుపులు కారిడార్ చివరిదాకా వినపడి సాయంత్రానికి చల్లారిపోయేవి. మా సార్‌ది మెత్తటి గొంతు. శనివారం ల్యాబ్ మీటింగ్‌లో తెర మీద నా వెస్టర్న్ బ్లాట్ పడగానే కాసేపు చూసి, "తెలుగు మీడియం వాళ్లకి కంట్రోల్ అంటే ఏమిటో ఎవరైనా చెప్పండ్రా" అనేవారు. అందరూ నవ్వేవారు. పోలిక కోసం పెట్టే ఆ కంట్రోల్ లేన్ ఎడమ చివర నల్లగా, స్పష్టంగా ఉండేది. చూపిద్దామని పాయింటర్ ఎత్తేలోపు "నెక్స్ట్" అనేవారు.

ఆ మాటలు ఎలాగో అరిగిపోయాయి. అరగనివి సంతకాలు. నెలనెలా ఫెలోషిప్ రావాలంటే హాజరు కాగితం మీద గైడ్ సంతకం ఉండాలి. రెండేళ్లయ్యాక జూనియర్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) నుంచి సీనియర్ ఫెలోషిప్‌కి (ఎస్ఆర్ఎఫ్), అంటే ఇవాళ్టి లెక్కలో 37 వేల నుంచి 42 వేలకి, మారాలన్నా అంతే. కెమికల్స్ ఇండెంటు, సెలవు చీటీ, చివరికి థీసిస్. అదీ దాటాక పోస్ట్‌డాక్‌కి సిఫారసు ఉత్తరం. సార్‌కి కోపం వచ్చిన నెలలో నా కాగితం ఆయన టేబుల్ మీద పేపర్‌వెయిట్ కింద అలాగే పడి ఉండేది. కాదనేవారు కాదు. "పెట్టి వెళ్లమ్మా, చూస్తాను" అనేవారు, అంతే. మెస్ బిల్లు గడువు దాటిపోయేది. ఆఫీసు క్లర్క్ నన్ను చూడగానే "ఇంకా రాలేదా తల్లీ" అని తనే అడిగేవాడు.

పేపర్ వెళ్లేటప్పుడు మొదటి పేరు కొత్తగా చేరిన కుర్రాడిది పెట్టారు. బొమ్మల్లో ముప్పాతిక నావి. అడిగితే, "ల్యాబ్ అంటే కుటుంబం, వాటాలు అడగకూడదు" అన్నారు. ఆ మీటింగుల్లో గట్టిగా నవ్విన సీనియర్ అన్న ఇప్పుడు ఎక్కడో సొంత ల్యాబ్ పెట్టాడు. అక్కడ శనివారాలు ఎలా గడుస్తున్నాయో ఊహించగలను.

ఫిర్యాదు చేయొచ్చుగా అంటారు. లైంగిక వేధింపులకు 2013 చట్టం ఉంది. తోటి విద్యార్థులు ఏడిపిస్తే 2009 నాటి ర్యాగింగ్ నిబంధనలున్నాయి. మిగతావాటికి గ్రీవెన్స్ కమిటీ ఉంది, 2023 యూజీసీ నిబంధనల ప్రకారం అంబుడ్స్‌పర్సన్ కూడా ఉండాలి. కానీ అర్జీ పెట్టిన మర్నాడు కూడా అదే ల్యాబ్‌లో, అదే బెంచీ దగ్గర నిలబడాలి. ప్రతి సెమిస్టరూ స్కాలర్ పని చూసే రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ఉంది కదా అంటే, నిబంధనల ప్రకారం దానికి కన్వీనర్ గైడే. ఈ నిబంధనలు రాసినవాళ్లు ఎప్పుడూ స్కాలర్లుగా ఉండలేదేమో అనిపిస్తుంది.

డబ్బిచ్చేవాళ్లు కదిలితే కథ మారుతుంది. 2018లో లండన్‌లోని వెల్‌కమ్ ట్రస్ట్ వేధింపుల మీద కొత్త నియమాలు తెచ్చింది. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ క్యాన్సర్ రీసెర్చ్‌లో పేరున్న ఒక జన్యుశాస్త్రవేత్త వేధిస్తోందంటూ మాజీ, అప్పటి ఉద్యోగులు 45 మంది కలిసి ఉత్తరం రాశారు. ఆమెకిచ్చిన 35 లక్షల పౌండ్ల గ్రాంటును ట్రస్ట్ అదే ఏడాది రద్దుచేసింది. ఇక్కడ గ్రాంటు ఖర్చుకిచ్చే యుటిలైజేషన్ సర్టిఫికెట్‌లో పైసాతో సహా లెక్క చెబుతాం. ల్యాబ్‌లో చేరినవాళ్లెందరు, మధ్యలో వదిలి వెళ్లినవాళ్లెందరు అని అడిగే గడి మాత్రం నేను నింపిన ఏ ఫారంలోనూ లేదు.

ఇప్పుడు నేనూ అడ్వైజరీ కమిటీల్లో కూర్చుంటున్నాను. ప్రెజెంటేషన్ అయ్యాక గైడ్‌ని పది నిమిషాలు బయట కూర్చోమంటాను. అలా చేయాలని నిబంధన లేదు, చేయకూడదనీ లేదు. ఒకాయన "నా స్టూడెంట్ చేత నా మీద చాడీలు చెప్పిస్తారా మేడమ్?" అన్నాడు. అంటూనే లేచి వెళ్లాడు. లోపల ఆ అమ్మాయి చెప్పిందల్లా ఒకటే: మైనస్ ఎనభై ఫ్రీజర్ అలారం నెలల తరబడి పాడై ఉందట, శాంపిల్స్ పోతే తననే అంటారని రాత్రుళ్లు వచ్చి చూసుకుంటోందట. సార్‌కి చెప్పలేదా అంటే, ఎలా చెప్తాం మేడమ్ అంది. మినిట్స్‌లో రాసి, కమిటీ పేరుతో మెయింటెనెన్స్‌కి పంపాం. ఆ వారంలోనే మెకానిక్ వచ్చాడు.