వంతెన దిగితే కొవ్వూరు

రాజమహేంద్రవరంలో గోదావరి కనిపించే ఇల్లు ఇప్పుడు మామూలు జీతగాళ్లకు అందేది కాదు. రేవుల దగ్గర పాత పెంకుటిళ్లు ఒక్కొక్కటే పోయి అపార్ట్‌మెంట్లు లేచాయి. దానవాయిపేటలోనో ప్రకాశం నగర్‌లోనో అద్దె ఎంతో చెప్పగానే, కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఆలోచించి చెప్తామని వెనక్కి వచ్చేస్తున్నారు. అదే నది కావాలి, అదే గాలి కావాలి, నెల తిరిగేసరికి చేతిలో నాలుగు డబ్బులు మిగలాలి అనుకునేవాళ్లు వంతెన దాటి పడమటి ఒడ్డున దిగుతున్నారు. అదే కొవ్వూరు.

2011 జనాభా లెక్కల్లో కొవ్వూరు పట్టణంలో నలభై వేలకు కాస్త తక్కువ మంది ఉన్నారు. అవతలి ఒడ్డున ఉన్న నగరంలో మూడు లక్షలకు పైమాటే. రెంటికీ మధ్య మూడు కిలోమీటర్లకు కాస్త తక్కువ వెడల్పున గోదావరి. అక్కడ బట్టల హోల్‌సేల్ కొట్లు, పెద్దాసుపత్రులు, కాలేజీలు, ఓఎన్‌జీసీ ఆఫీసులు, విమానాశ్రయం ఉన్నాయి. ఇక్కడ పెరడున్న ఇళ్లు, ఆ పెరట్లో కొబ్బరి చెట్టు, సాయంత్రం ఏడయ్యేసరికి సద్దుమణిగే వీధులు. నగరంలో ఒక పడకగదికి ఇచ్చే అద్దెతో ఇక్కడ రెండు గదులు, వసారా, మెట్లెక్కితే డాబా దొరుకుతాయని ఇక్కడికి మారినవాళ్లు చెబుతారు. డాబా మాట వాళ్లు ఎందుకు ప్రత్యేకంగా చెబుతారో అక్కడ ఒక్క తెల్లవారుజామున నిలబడితే తెలుస్తుంది. కొవ్వూరుకు గోదావరి తూర్పున ఉంది. సూర్యుడు నీళ్లమీద నుంచే లేస్తాడు. రాజమండ్రి వాళ్లకు ఏటి మీద సూర్యాస్తమయం దక్కింది, కొవ్వూరు వాళ్లకు సూర్యోదయం దక్కింది. నన్నడిగితే కొవ్వూరు వాటాయే మంచిది.

నేను పుట్టి పెరిగింది నిడదవోలు పక్క పల్లెలో. సెలవులిస్తే కొవ్వూరులో మా పిన్ని వాళ్లింటికి పంపేవారు. బాబాయి రాజమండ్రిలో బట్టల కొట్లో గుమాస్తా. రోజూ పాసింజరులో వెళ్లి పాసింజరులో వచ్చేవారు. అవతలే ఇల్లు తీసుకోమని చుట్టాలంతా చెప్పి చూశారు. "అక్కడికెళ్తే మీ బాబాయికి రైలు తప్పుద్దిరా, నాకు ఏరు తప్పుద్ది" అనేది పిన్ని. ఆవిడ చివరిదాకా ఆ ఒడ్డునే ఉంది.

అందుకే కొవ్వూరు గురించి రాయబోతే నాకు వంతెనలే ముందుకొస్తాయి. ఈ ఊరి బతుకంతా వాటి మీదే నడిచింది మరి.

పంతొమ్మిదో శతాబ్దం చివర బెజవాడ నుంచి వచ్చే రైలుకు గోదావరి అడ్డొచ్చేది. ప్రయాణికులు కొవ్వూరు వైపు దిగి స్టీమరెక్కి, రాజమండ్రి చేరి, అక్కడ మళ్లీ రైలెక్కాలి. మద్రాసు నుంచి కలకత్తాకు వెళ్లే దారి ఈ నీళ్ల దగ్గర తెగిపోయి ఉండేది. ఆ తెగిన చోటును 1900లో హేవలాక్ వంతెన కలిపింది. అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హేవలాక్ పేరు దానికి పెట్టారు. నిర్మాణం చూసిన ఇంజినీరు వాల్టన్. రాతి స్తంభాలు, ఉక్కు గర్డర్లు, మొత్తం 56 ఖానాలు. వరదకు ఇసుక కోసుకుపోయే ఏటి గర్భంలో, ఆనాటి పనిముట్లతో అన్ని స్తంభాలను గట్టి నేల దాకా దింపారు. దాదాపు నూరేళ్లు మెయిళ్లు, గూడ్సులు దాని మీద నడిచాయి. 1997లో రైళ్లు ఆపేశారు. వంతెన మాత్రం ఇప్పటికీ నిలబడే ఉంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరదను కూడా ఆ రాతి కాళ్లు తట్టుకున్నాయి.

రైలుకు వంతెన వచ్చాక కూడా రోడ్డుకు డెబ్బై నాలుగేళ్లు దారి లేదు. పడవలు, లాంచీలు, బళ్లనూ కార్లనూ ఎక్కించుకునే పంట్లే దిక్కు. వరదొస్తే అవీ ఆగిపోయేవి. పెళ్లివారు ఈ ఒడ్డునా పెళ్లికూతురు ఆ ఒడ్డునా ఉండిపోయిన కథలు మా ఇళ్లలో ప్రతి పెద్దావిడ దగ్గరా ఉండేవి. 1974లో రోడ్డు కమ్ రైలు వంతెన తెరిచారు. కింద రైలు, పైన రోడ్డు. రోడ్డు పొడవు నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. రాజమండ్రి చేరేముందు అది ఒక పెద్ద వంపు తిరుగుతుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఆ వంపులో వంతెన ఉక్కు ఒళ్లంతా పక్కనుంచి కనబడుతుంది. కింద రైలు పోతుంటే పైన బస్సులో ఉన్నవాళ్ల కాళ్లకు ఆ అదురు తెలుస్తుంది. చిన్నప్పుడు దానికోసమే నేను బస్సెక్కేవాణ్ణి.

మూడోది ఆర్చి వంతెన. హేవలాక్ విశ్రాంతి తీసుకున్న 1997లోనే ఇది పనిలోకి వచ్చింది. కాంక్రీటుతో విల్లులా వంచిన 28 ఖానాలు, ఒక్కొక్కటీ 97 మీటర్లకు పైనే. రాజమండ్రి అనగానే పత్రికలు వేసే బొమ్మ ఇదే. ఆ బొమ్మలో అవతల లీలగా కనిపించే పచ్చటి గీతే కొవ్వూరు. నాలుగోది 2015 పుష్కరాల వేళకు అందుబాటులోకి వచ్చింది. కట్టిన కంపెనీ పేరుతో అందరూ దాన్ని గామన్ బ్రిడ్జి అంటారు. కొవ్వూరుకు ఎగువన కుమారదేవం వైపు నుంచి అవతల కాతేరు వైపు దిగుతుంది. లారీలు, దూరప్రయాణం కార్లు అటు మళ్లాయి. 2023లో మరమ్మతుల కోసం పాత రోడ్డు వంతెన మీద రాకపోకలు ఆపినప్పుడు కొవ్వూరు వాళ్లంతా ఆ చుట్టే తిరిగి పనికెళ్లారు. రెండో దారి ఉండడం ఎంత అవసరమో అప్పుడు అందరికీ తెలిసివచ్చింది.

ఇంత చెప్పినా అసలు సంగతి పొద్దుటి పాసింజరులో ఉంది. కొవ్వూరు స్టేషన్లో రైలెక్కేది సీజన్ టికెట్ల మనుషులు: బట్టల కొట్ల సేల్స్‌మన్లు, ఆసుపత్రుల్లో నర్సులు, ఇంటర్ పిల్లలు, పూలబుట్టలతో, ఆకుకూర మూటలతో ఆడవాళ్లు. ఎవరి పెట్టె వాళ్లకుంది, ఎవరి చోటు వాళ్లకుంది. కొత్తవాడు కిటికీ దగ్గర కూర్చుంటే ఏమీ అనరు గాని, "ఇక్కడ మేష్టారు కూర్చుంటారండీ" అని ఒకరు మెల్లగా చెప్తారు. వంతెన మీదికి రాగానే మాటలు ఆగుతాయి. ఏళ్ల తరబడి రోజూ చూస్తున్నవాళ్లే మళ్లీ కిటికీ వైపు తిరుగుతారు. కొందరు చిల్లర నీళ్లలోకి విసిరి కళ్లకద్దుకుంటారు. కింద వలలేసుకున్న పడవలు, బ్రిడ్జిలంక, దూరంగా కేతవారిలంక, వెదుర్లమ్మలంక. కాసేపటికి గోదావరి స్టేషన్ వస్తుంది, జనం దిగిపోతారు. పెద్ద నగరాల్లో ఆఫీసుకు వెళ్లే ప్రయాణమంటే భయపడతారు. ఇక్కడ రోజు మొత్తంలో మంచి ముక్క ఆ ప్రయాణమే.

ఎండాకాలం వచ్చినా ఇక్కడ ఏరు నిండుగా కనబడడానికి కారణం దిగువనున్న ధవళేశ్వరం. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తిచేసిన ఆనకట్ట చోట తర్వాత బరాజ్ వచ్చింది. అది నీటిని నిలబెడుతుంది కాబట్టి దాని ఎగువన కొవ్వూరు, రాజమండ్రి మధ్య అఖండ గోదావరి ఒక సరస్సులా ఉంటుంది. బరాజ్ దాటాకే గౌతమి, వశిష్ఠ పాయలుగా విడిపోతుంది. వైశాఖంలో ఎగువ ఊళ్లలో ఇసుక తిన్నెలు తేలిన రోజుల్లోనూ గోష్పాద రేవులో మెట్లు దిగితే నీళ్లు తగులుతాయి.

ఏటి ఒడ్డున ఉండాలనుకునేవాళ్లు వరద లెక్కలు తెలుసుకునే ఉండాలి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆషాఢ శ్రావణాల్లో కొవ్వూరు టీ కొట్లలో క్రికెట్ స్కోరులా ఈ అంకెలే వినబడతాయి. నీళ్లు ఎర్రబడి, దుంగలు, గుర్రపుడెక్క మోసుకుంటూ వస్తాయి. మొదటి హెచ్చరికకే లంకల్లోని మత్స్యకార కుటుంబాలను ఖాళీ చేయించే పని మొదలవుతుంది. 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. ఇల్లు చూసుకునేటప్పుడు గట్టుకు లోపలుందా వెలుపలుందా అని అడగండి. 1986లో నీళ్లు ఎంతదాకా వచ్చాయో ఆ వీధిలో పెద్దవాళ్లు గోడ మీద చెయ్యిపెట్టి చూపిస్తారు. ఆ గుర్తు చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.

గోష్పాద క్షేత్రం గురించి చెప్పకపోతే కొవ్వూరు వాళ్లు నన్ను క్షమించరు. గౌతమ మహర్షి పొలంలో పడ్డ మాయా గోవు ఆయన విసిరిన దర్భకే ప్రాణం విడిచిందనీ, ఆ పాపం పోవడానికి ఆయన తపస్సు చేసి గంగను దింపితే అదే గోదావరి అయ్యిందనీ కథ. ఆ గోవు గిట్ట గుర్తు ఇక్కడ ఉందని పూజిస్తారు. శివరాత్రికీ కార్తీక మాసానికీ రేవు నిండిపోతుంది. కార్తీకం వెళ్లిన మర్నాడు, పోలి పాడ్యమినాడు, తెల్లవారకముందే ఆడవాళ్లు అరటి దొప్పల్లో దీపాలు వెలిగించి నీళ్లలో వదులుతారు. అవి గుంపుగా కదిలి వంతెనల వైపు సాగుతాయి. 2015 పుష్కరాల మొదటి రోజు రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాటలో 27 మంది చనిపోయారు. ఇవతలి ఒడ్డున కూడా పారేది అదే గోదావరి, అదే పుణ్యం. జనాన్ని రెండు ఒడ్డులకూ సర్దే ఏర్పాటు 2027 పుష్కరాలకైనా గట్టిగా జరగాలి.

ఊళ్లో ఆంధ్ర గీర్వాణ విద్యాపీఠం ఉంది. సంస్కృతం చదువుకోవడానికి దూరాల నుంచి పిల్లలు వచ్చిన చోటు అది. కాస్టిక్ సోడా తయారయ్యే రసాయనాల ఫ్యాక్టరీ దశాబ్దాలుగా చాలామందికి కూడు పెడుతోంది. ఇసుక ర్యాంపుల దగ్గర లారీల రద్దీ మాత్రం ఊరికి తలనొప్పే.

కుమారదేవంలో ఏటి గట్టున ఉన్న నిద్రగన్నేరు చెట్టును తెలుగువాళ్లంతా చూసే ఉంటారు, అది అదేనని తెలియకపోయినా. ఎన్నో సినిమాల్లో నాయికా నాయకులు ఆ నీడలోనే కలిసి విడిపోయారు. సినిమా చెట్టు అనేవారు దాన్ని. 2024 ఆగస్టులో అది కూలిపోతే చుట్టుపక్కల ఊళ్లు ఇంట్లో మనిషి పోయినట్టు బాధపడ్డాయి. దాన్ని మళ్లీ బతికించడానికి చికిత్స చేశారు. కొన్నాళ్లకు చెట్టు మొదలు దగ్గర చిగుళ్లు కనిపించాయి.

తిండి సంగతికొస్తే, రేవు దగ్గర సాయంత్రం పిడతకింద పప్పు, కాల్చిన మొక్కజొన్న కండెలు. వేసవిలో తాటి ముంజెలు. రోజ్‌మిల్క్ తాగాలంటే అవతలికే వెళ్లాలి.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు కొవ్వూరు పశ్చిమ గోదావరి నుంచి తూర్పు గోదావరిలోకి వచ్చింది. కలెక్టరాఫీసులో పనిపడితే ఒకప్పుడు ఏలూరు దాకా పోయి రోజంతా పోగొట్టుకునేవాళ్లు, ఇప్పుడు ఏరు దాటితే చాలు. ఇబ్బందులు లేవని కాదు. చాలా ఎక్స్‌ప్రెస్‌లు ఇక్కడ ఆగవు. పెద్ద జబ్బు చేస్తే వంతెన దాటాల్సిందే. చదువైన కుర్రాళ్లకు ఊళ్లో ఉద్యోగాలు తక్కువ. అయినా గోదావరి పక్కన, అప్పులపాలు కాకుండా, పిల్లలతో బతకాలనుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి చోటు నేను చూడలేదు.

హేవలాక్ వంతెనను పర్యాటకుల కోసం తీర్చిదిద్దే అఖండ గోదావరి ప్రాజెక్టుకు 2025లో శంకుస్థాపన జరిగింది. ఆ పని చూసే అధికారులకు ఒక విన్నపం. వంతెనను రాజమండ్రి వైపు నుంచి వచ్చి ఫొటోలు దిగి వెళ్లే చోటుగా మాత్రమే చేయకండి. కొవ్వూరు చివర కూడా తలుపు పెట్టండి. నడిచేవాళ్లకూ సైకిళ్లకూ ఒక దారి, వానకు తలదాచుకునే చోట్లు, రాత్రి దీపాలు ఏర్పాటు చేసి, రోజూ పనికెళ్లే కొవ్వూరు మనుషుల దగ్గర టికెట్టు అడగకుండా వదిలేయండి.