ఆ మోత ఏ చక్రానిది?

ఎలక్ట్రిక్ కారుకు శబ్దం ఉండదని మా ఊళ్లో అందరూ అనుకుంటారు. నిజానికి అందులో శబ్దాలు ఎక్కువే వినబడతాయి. పెట్రోలు బండిలో ఇంజన్ మోత మిగతా వాటినన్నిటినీ కప్పేస్తుంది. ఇందులో ఆ మోత లేదు కాబట్టి టైరు, బేరింగు, కింద వదులైన రేకు, అన్నీ చెవిన పడతాయి. వాటిలో ఏది రోగమో ఏది కాదో తెలియకపోతే డబ్బు పోతుంది. మా ఇంట్లో ఒక బండే పోయేది.

మా చిన్నాయన కొడుకు అప్పు చేసి పాత ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. ఉట్నూరు నుంచి జైనూరు, కెరమెరి మీదుగా ఆసిఫాబాద్ దాకా కిరాయికి నడుపుతాడు. పోయిన వానాకాలంలో బండి మోగడం మొదలైంది. పట్నంలో ఒక సర్వీసు సెంటరుకు తీసుకుపోయాడు. అక్కడ అతను చెప్పగలిగింది ఒక్కటే: "కింద నుంచి మోగుతుంది సార్." వాళ్లు కాగితం మీద 'మోటారు శబ్దం' అని రాసుకున్నారు. మోటారు, గేరు పెట్టె మొత్తం మార్చాలి, లక్షన్నర అవుతుందన్నారు. తమ్ముడు ఇంటికొచ్చి, "అన్నా, బండి అమ్మేస్తా. అప్పు మాత్రం మిగుల్తది" అన్నాడు.

అదే శబ్దాన్ని గోండీలో చెప్పమన్నాను. ఒకటి కాదు, మూడు శబ్దాలు చెప్పాడు. ఒకటి పొద్దున పూట గీసుకుంటున్నట్టు, ఒకటి ఎడతెగని హోరు, ఒకటి గుంతల్లో టకటక. పట్నంలో ఈ మూడూ ఒకే మాటలో కలిసిపోయాయి.

బడి నోటుబుక్కు ఒకటి తీసి గీతలు కొట్టాను. ఎప్పుడు మోగింది, ఎంత వేగంలో, రోడ్డు ఎట్లుంది, కాలు ఎక్కడుంది. వారం రోజులు రాయమన్నాను. తరువాత ఆదివారం నా దగ్గర ఐదో తరగతి చదివి, ఐటీఐ చేసి, ఇప్పుడు మెకానిక్ షెడ్డు పెట్టుకున్న పిల్లవాడి దగ్గరికి ముగ్గురం కూర్చున్నాం. "సారూ, ముందు ఒక మాట" అన్నాడు అతను. "నారింజ రంగు వైర్లు మనం ముట్టొద్దు. వాటిలో వందల వోల్టులుంటయ్. జాకీ కూడా చెప్పిన చోటే పెట్టాలె. కింద ఉన్నదంతా బ్యాటరీయే."

మొదటి శబ్దం తేలిగ్గా తేలింది. పొద్దున మొదటి నాలుగైదు బ్రేకులకే వస్తుంది, తరువాత ఉండదు. ఈ బండిలో కాలు తీస్తే మోటారే వెనక్కి కరెంటు పుట్టిస్తూ వేగం తగ్గిస్తుంది. ఘాట్ దిగేటప్పుడు అసలు బ్రేకుకు పని తక్కువ. వాడకం తక్కువైతే వాననీటికి డిస్కు మీద తుప్పు పడుతుంది. అది గీసుకునే చప్పుడే. ఖాళీ రోడ్డు మీద నాలుగుసార్లు గట్టిగా బ్రేకు తొక్కితే పోతుంది.

హోరు సంగతే అసలుది. 40 దాటాక మొదలై వేగంతో పెరుగుతుంది. మోటారుదో గేరుదో అయితే కాలు నొక్కినప్పుడు ఒకలా, తీసినప్పుడు ఒకలా మారాలి. తమ్ముడి నోటుబుక్కులో 'కాలు తీసినా అంతే' అని ఉంది. ఇంకో చోట 'ఎడమ మలుపులో ఎక్కువ' అని రాశాడు. ఎడమకు తిరిగితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది. కెరమెరి ఘాట్ మలుపులే మాకు పరీక్ష చేసిపెట్టాయి. టైర్లు చూస్తే అరుగుదల సమానంగానే ఉంది. బండి లేపి కుడి ముందు చక్రాన్ని చేత్తో తిప్పుతూ, ఇంకో చెయ్యి స్ప్రింగు మీద పెట్టించాడు. గరగర చేతికి తగిలింది. బేరింగు పోయింది. వాగు నీళ్లలో దాటించిన బండికి అది మామూలే. మూడో శబ్దం, కింది ప్లాస్టిక్ మూతకు ఊడిన క్లిప్పు. అంతా కలిపి నాలుగు వేల ఎనిమిది వందలు.

ఇవి కాక భయపడనక్కర్లేనివి కొన్ని ఆ పిల్లవాడు చెప్పాడు. బండి ఆన్ చేయగానే వచ్చే టక్ చప్పుడు బ్యాటరీని కలిపే స్విచ్‌ది. చార్జింగ్ అవుతుంటే తిరిగేది చల్లబరిచే ఫ్యాను, పంపు. కాలు నొక్కితే సన్నగా ఈల వేసి కొత్తగా పెరుగుతూ పోతుంటే మాత్రం అది గేరు పెట్టె. అప్పుడు సర్వీసు సెంటరుకే పోవాలి.

మా దండారిలో డోలు తోలు కాస్త వదులైనా పెద్దలు పట్టేస్తారు, నిప్పు సెగకు పెట్టి బిగిస్తారు. మా తమ్ముడి చెవిలో కూడా ఆ పట్టు ఉంది. పట్నం బల్ల ముందు అతనికి కరువైంది మాట. ఒకటో తరగతిలో కూర్చున్న గోండు పిల్లకు కూడా ఇదే జరుగుతుంది. కడుపునొప్పో, ఆకలో, లెక్క అర్థం కాకపోవడమో, అన్నిటికీ ఆమెకు తెలుగులో ఒకే మాట ఉంటుంది. మేం రిజిస్టరులో 'వెనుకబడింది' అని రాస్తాం. కింద నుంచి మోగితే మోటారు అని రాసినట్టే.

ఇప్పుడు ఐదో తరగతి పిల్లలతో ఒక పని చేయిస్తున్నాను. బోరింగు, సైకిలు, పిండిమర, ఏది మోగినా ముందు గోండీలో, తరువాత తెలుగులో, ఎప్పుడు, ఎట్లా అని రాయాలి. తమ్ముడి బండి నడుస్తోంది, అప్పులో ఇంకా పదకొండు కిస్తీలున్నాయి. నోటుబుక్కు సగం నిండింది.