సంగడి పడవ

బాలలూ, కొల్లేటిలో నడిచే తాటిదోనెను మీరెప్పుడైనా చూచారా? తాటిమానును తొలిచి దాన్ని చేస్తారు. ఒంటిదోనె ఇట్టే ఒరిగిపోతుంది. అందుచేత రెండు దోనెలను పక్కపక్కన పెట్టి అడ్డకర్రలతో బిగించి కడతారు. అలా జతచేసినదే సంగడి. సంగడికాడు అంటే స్నేహితుడు అని మీకు తెలుసును గదా!

చిన్నతనంలో నేను సంగడి మీద తిరిగినవాణ్ణే. దానికి తమ్ముడివంటి పడవను ఈమధ్య అమెరికాలో చూచాను. మా అబ్బాయి ఉండే ఊరు సియాటిల్ నగరానికి తూర్పున ఉన్నది. అక్కడ సమామిష్ అనే సరస్సు, ఇంచుమించు 11 కిలోమీటర్ల పొడవున, ఉత్తర దక్షిణాలుగా పరుచుకొని ఉంటుంది. అందులో చేపలు పట్టడానికి పాంటూన్ పడవ కొనుక్కుందామన్నాడు మా మనవడు. వాడికి పదకొండేళ్ళు.

పాంటూన్ పడవ అంటే గాలి నింపిన రెండు పొడుగాటి గొట్టాలు, వాటిపైన ఒక లోహపు చట్రం, కుర్చీలు, రెండు తెడ్లు. గాలి తీసేస్తే మడిచి కారులో పెట్టుకోవచ్చు.

దుకాణంలో మావాడు ఎర్రని చిన్న పడవను చూచి ముచ్చటపడ్డాడు. "ఆగరా, లెక్కవేద్దాం," అన్నాను.

ఒక వస్తువు ఎంత నీటిని తొలగిస్తే, అంత నీటి బరువు దాన్ని పైకి నెడుతుంది. ఈ సంగతి ఆర్కిమెడీస్ కనిపెట్టాడు. లీటరు నీరు ఒక కిలో. ఎర్రపడవ గొట్టం అడ్డుకొలత 30 సెంటీమీటర్లు, పొడవు 2 మీటర్లు. అంటే 141 లీటర్లు. నేను 70 కిలోలు, వాడు 35, చట్రమూ తెడ్లూ 45, సామాను 10, మొత్తం 160.

"రెండు గొట్టాలూ కలిస్తే 282 గదా తాతయ్యా! చాలదూ?" అన్నాడు.

"ఒకటి చిల్లిపడితేనో?" అన్నాను.

వాడు ఆలోచనలో పడ్డాడు. 141 కిలోలు మోసేది 160 మోయలేదు. పక్కనున్న బూడిదరంగు పడవ గొట్టం 40 సెంటీమీటర్ల అడ్డుకొలత, రెండున్నర మీటర్ల పొడవు. ఒక్కొక్కటి 314 లీటర్లు! కొసలు సన్నం గనుక కాస్త తగ్గినా, ఒక్కటే మా బరువు మోయగలదు. పడవ ఒరిగినా, పట్టుకొని వేలాడే ఆధారం మిగులుతుంది. పైగా ఒక్కొక్క గొట్టంలో రెండేసి గాలి అరలున్నాయి. సంగడికాడంటే అలా ఉండాలి! దాన్నే కొన్నాము.

ఆదివారంనాడు చేపలు పట్టేందుకు అనుమతి చీటీ తీసుకొని, దక్షిణపు గట్టునుంచి బయలుదేరాము. ఎండలో గట్టిగా ఉన్న గొట్టాలు చన్నీటిలో దిగగానే మెత్తబడ్డాయి. మావాడు హడలిపోయాడు. చిల్లి కాదు, చల్లబడితే గాలి సంకోచిస్తుంది, అంతే. సబ్బునీళ్ళు పూసి చూచాము. ఎక్కడా బుడగ లేవలేదు. నాలుగు పంపులు కొడితే సరిపోయింది. గట్టుమీద ఎండలో పెట్టినప్పుడు మాత్రం కొంచెం గాలి వదలాలి. లేకపోతే వ్యాకోచించి కుట్లు తెగవచ్చు.

అక్కడి చట్టం ప్రకారం చిన్న పడవలో పన్నెండేళ్ళు, అంతకు లోపు పిల్లలు తేలుడుచొక్కా తొడుక్కొనే తీరాలి. మావాడు తొడుక్కున్నాడు. నేనో? "కొల్లేటివాణ్ణి, నాకెందుకురా?" అని కుర్చీకింద పెట్టాను.

"గాలి మన వెనకనుంచి వస్తున్నది తాతయ్యా," అన్నాడు వాడు. "మంచిదేగా!" అన్నాను. తెడ్డు వెయ్యకుండానే పడవ సాగుతున్నది. తిరిగి రాబోయేసరికి గాని నా తప్పు తెలియలేదు. పాంటూన్ నీటిలో లోతుగా దిగదు. గాలి దాన్ని ఎండుటాకులా తోసుకుపోతుంది. ఎంత తెడ్డు వేసినా గట్టు దగ్గర కాదే! నా చేతులు వణికాయి.

"ఎదురు వద్దు తాతయ్యా! అడ్డంగా పోదాం, ఆ గట్టు దగ్గర!" అన్నాడు. చెప్పినట్టే చేశాను. ముందుగా చొక్కా తొడుక్కున్నాను లెండి. బయలుదేరిన చోటికి చాలా దూరాన తూర్పుగట్టు చేరి, నడిచి వచ్చాము. ఒక్క చేపా పడలేదు.

బాలలూ, పడవ కొనేటప్పుడు రంగు చూడకండి; ఒక గొట్టం పోతే రెండోది మోస్తుందో లేదో చూడండి. బయలుదేరేటప్పుడు గాలికి ఎదురు వెళ్ళండి. అలిసిన వేళ అదే మిమ్మల్ని ఇంటికి చేరుస్తుంది. ఇందులో మొదటిది మావాడికి నేను నేర్పాను. రెండోది వాడే నాకు నేర్పాడు.